బీట పూడ్చే ముందు

సిమెంటు కలపడం ఆపరా అబ్బాయ్. ఆ తట్ట పక్కన పెట్టి ఇట్టా మంట దగ్గరికొచ్చి కూర్చో. దీపాలు పెట్టినాక గోడ పని చేసేవాళ్లు మా రోజుల్లో ఎవరూ లేరు. అమ్మాయ్, నువ్వూ రామ్మా. ఆ కంది కట్టె నాలుగు పుల్లలు విరిచి ఎగదొయ్యి. ధనుర్మాసం వచ్చిందంటే గుండ్లకమ్మ మీంచి వచ్చే గాలికి వీపు కొంకర్లు పోద్ది.

పడమటింటి గోడకు బీట పడిందని పొద్దుట్నుంచీ నువ్వు పడే హైరానా చూస్తానే ఉన్నా. సెల్‌ఫోన్లో ఎవరో చేసి చూపించారు, నువ్వు పోయి సిమెంటు సంచి తెచ్చావు. నీ ఇల్లు నువ్వే బాగుచేసుకోవాలనుకోవడం మంచి బుద్ధి. మా తరంలో ఇంటికి చిన్న దెబ్బ తగిలితే మేస్త్రీకి కబురు పెట్టేవాళ్లు కాదు, ఇంట్లోవాళ్లే చూసుకునేవాళ్లు. నేను తాపీ పట్టిన వాణ్ణే అయినా ఆ మాట చెబుతున్నా. కానీ ఆ ఫోన్లో చెప్పినాయన ఇల్లు ఏ నేల మీద ఉందో నీకు తెలుసా? నీ ఇల్లుంది నల్లరేగడి మీద. పత్తికీ మిరపకీ ఇంతకన్నా మంచి నేల లేదు. ఇంటికి మాత్రం ఇంతకన్నా పేచీ పెట్టే నేల లేదు.

రోహిణి కార్తెలో మన పత్తి చేలో నెర్రెలు చూశావుగా? చేతికర్ర దోపితే సగం దాకా దిగిపోద్ది. అదే చేను కార్తీకం వానలకు ఉబ్బి, నెర్రెలన్నీ మూసుకుపోయి, కాలు పెడితే మోకాటి దాకా పట్టుకుంటది. చేలో జరిగేదే నీ ఇంటి కిందా జరుగుతా ఉంటది. ఇంటి నడిమధ్యన నేలకు ఎండా తగలదు, వానా తగలదు. చుట్టూ గోడల కింద నేల మాత్రం ఏటా ఎండుద్ది, ఏటా నానుద్ది. నడుమ కదలక, అంచులు లేస్తా దిగుతా ఉంటే గోడ ఏం చెయ్యాలి? తలుపు మీదా, కిటికీ మూలా ఐమూలగా విచ్చుకుంటది. నువ్వు చూసిన బీట అదే. వేసవిలో వెడల్పవుద్ది, వానల్లో సన్నబడుద్ది. బీట బాగా విచ్చుకున్న వేసవిలో దాన్ని సిమెంటుతో బిగించావనుకో, వానాకాలం నేల ఉబ్బి గోడ మళ్లీ దగ్గరికి రావాలనుకుంటే దారి ఉండదు. పక్కనే ఇంకో బీట పుట్టుద్ది. అదీ పూడుస్తావు. నాలుగేళ్లకు గోడంతా అతుకులే.

అందుకని ముందు బీటను కనిపెట్టు. దాని రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తారీకు రాయి. నడుమ ఒక పల్చటి కాగితం ముక్క అంటించు. మా గురువు మేస్త్రీ అయితే గాజు ముక్కను రెండు పక్కలా సున్నంతో అతికించేవాడు. గోడ వెంట్రుక వాసి కదిలినా గాజు టప్పున విరుగుద్ది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలి. కాగితం చిరగలేదు, గీత దాటి బీట పాకలేదు అంటే అది చచ్చిన బీట, నిక్షేపంగా పూడ్చుకో. కాగితం చిరిగితే బీట ఇంకా బతికే ఉంది, దాని సంగతి నేల దగ్గర తేల్చాలి. బీటలో చిటికెన వేలు దూరినా, తలుపు ఉన్నట్టుండి పట్టేసినా, తూకపు గుండు వేలాడేస్తే గోడ బయటికి వాలినట్టు కనపడినా ఇక నీ చేతి పని కాదు. ఇంజనీరును పిలవాలి. అక్కడ డబ్బులకు చూసుకోకూడదు.

నేల దగ్గర తేల్చడమంటే ఏంటో చెబుతా, ఇది జాగ్రత్తగా విను. ముప్పాతిక మువ్వీసం గొడవంతా నీళ్లతోనే. మీ పడమటింటి గోడ వెనకాల ఏముంది? జాలాడి. అక్కడ రోజూ అంట్లు తోముతారు, బట్టలుతుకుతారు. ఆ నీళ్లు తూములోకి పోతున్నాయా, గోడ మొదట్లోకి పోతున్నాయా చూశావా? నేను మధ్యాహ్నం పోయి చూశా. జాలాడి బండ గోడ వైపుకు వాలి ఉంది. తొమ్మిది నెలలు ఆ ఒక్క మూలే నానతా ఉంటే, మిగతా గోడ ఎండతా ఉంది. దాన్ని ఎత్తి, వాలు బయటికి తిప్పి మళ్లీ పరిస్తే సగం మందు వేసినట్టే. తర్వాత ఇంటి చుట్టూ గోడనానుకుని మూడడుగుల వెడల్పున నాపరాళ్లు పరిచి, బయటికి వాలు పెట్టు. మాచర్ల రాయి అయినా చాలు. వాన నీళ్లు గోడ మొదట్లో దిగకూడదు, అదీ పని. ఇంకొకటి, ఆ వేపచెట్టు. మీ నాయనమ్మ చేత్తో పెట్టిన చెట్టు, కొట్టమని నా నోటితో చెప్పలేను. కానీ చెట్టు ఎంత ఎత్తు పెరుగుద్దో అంత దూరంలో ఉండాలి ఇంటికి. వేసవిలో దాని వేళ్లు గోడ కింద తడినంతా పీల్చేస్తాయి. కొమ్మలు కొట్టి చిన్నదిగా ఉంచుకో, నీడా ఉంటది, గోడా ఉంటది.

పాతకాలం పునాదులు ఎట్టా తీసేవాళ్లో తెలుసా? నల్లమట్టి ఎంత లోతున్నా తవ్వుకుంటా పోయి, కింద గరుసో సుద్దో తగిలిందాకా ఆగేవాళ్లు కాదు. తవ్విన మట్టి మళ్లీ అందులో వేసేవాళ్లు కాదు, అది పొలానికి పోయేది. గుండ్లకమ్మ ఇసుక తోలుకొచ్చి, పొరలు పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దిమ్మిసతో కొట్టేవాళ్లు. ఇసుక ఉబ్బదు, కుంగదు. ఇప్పుడు ఇంజనీర్లు ఇట్టాంటి నేలకు అండర్‌రీమ్డ్ పైళ్లు అని వేస్తారు. సన్నటి గొయ్యి లోతుకు తీసి, అడుగున గొడుగు మాదిరి వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఆ పద్ధతిని మన దేశంలో రూర్కీలో ఉన్న కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు నల్లరేగడి కోసమనే తీర్చిదిద్దారు. మీరు కొత్తగా ఇల్లు కట్టేటప్పుడు ఆ మాట గుర్తుపెట్టుకోండి. మేదరమెట్ల రోడ్డులో ఇళ్లు లేస్తున్నాయి గదా, చాలామంది రెండడుగుల్లో పునాది తీసి, పైన మాత్రం గ్రానైట్ పరుస్తున్నారు. చీమకుర్తి రాయి పక్కనే దొరుకుద్దని నేల మీద దాన్ని పరిచినంత మాత్రాన కింద రేగడి మారదు.

సరే, చచ్చిన బీట అనుకుందాం. దేంతో పూడుస్తావు? ఇక్కడే అందరూ పొరబడేది. గోడ దేంతో కట్టారో దాంతోనే పూడ్చాలి. నీ పడమటిల్లు ఇటుకా మట్టీ పెట్టి కట్టి, పైన సున్నం గచ్చు చేసిన గోడ. మెత్తటి గోడ అది. దాని మీద సిమెంటు పూస్తే గట్టి పలక అతికించినట్టు అయిద్ది. నేలలో నుంచి తడి గోడలోకి పాకతానే ఉంటది, ఎప్పుడూ పాకుద్ది. సున్నం గోడ అయితే ఆ తడి పైకి వచ్చి ఆరిపోద్ది. సిమెంటు పూసిన చోట ఆరడానికి దారి లేక, తడి పైపైకి ఎక్కుద్ది. పాతూళ్లో ఒకాయన ఇట్టాగే గోడ అడుగున మూడడుగుల మేర సిమెంటు పూయించాడు, తడి రాకుండా. రెండేళ్లకు తడి నాలుగడుగుల మీదికి పోయింది. తెల్లగా ఉప్పు పొంగి, గీరితే ఇటుక పొడి పొడిగా రాలింది. సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా అట్టా నిలబడే ఉంది, దాని వెనక గోడ లేదు! మళ్లీ అంతా కొట్టించి, ఒక వేసవంతా గోడను గాలికి ఆరనిచ్చి, సున్నంతో గచ్చు చేస్తే అప్పుడు కుదురుకుంది.

ప్రోలయ వేమారెడ్డి ఈ అద్దంకి రాజధానిగా ఏలినప్పుడు, ఎర్రాప్రగడ ఇక్కడ కూర్చుని కావ్యాలు రాసినప్పుడు సిమెంటు ఎక్కడిదిరా? ఇప్పుడు మనం వాడే సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే ఇటుకల మేస్త్రీ 1824లో పేటెంటు తీసుకున్నాడు. నా చిన్నప్పుడు కూడా మన పల్లెల్లో సిమెంటు అపురూపం. సున్నమే అన్నీ. ఊరి బయట సున్నం గానుగ ఉండేది. నేల మీద గుండ్రంగా రాతి కాలవ, దాంట్లో తిరిగే రాతి చక్రం, చక్రానికి కాడి, కాడికి ఎద్దు. పిడుగురాళ్ల నుంచి వచ్చిన రాతి సున్నం నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి ఆ కాలవలో పోసేవాళ్లు. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇసుక. చక్రం తిరిగే కొద్దీ ముద్ద వెన్నలాగా అయ్యేది. పక్కన తొట్లో కరక్కాయలు చితగ్గొట్టి నానబోసేవాళ్లు. ఇంకో తొట్లో బెల్లం నీళ్లు. ఆ రెండూ గానుగలో పోస్తా ఉండటం మా పిల్లకాయల పని. పది పోతల్లో ఒక పోత మా నోట్లోకే పోయేది, మేస్త్రీ చూసి కర్ర ఎత్తేవాడు. డంగు సున్నం తయారైందో లేదో మేస్త్రీ ఎట్టా చూసేవాడంటే, తాపీ మీద ఇంత ముద్ద తీసుకుని తలకిందులు చేసేవాడు. జారకుండా తాపీకి కరుచుకుని ఉంటే అప్పుడు గోడకు పనికొచ్చినట్టు.

ఇప్పుడు గానుగ లేదు, నిజమే. కానీ సున్నం దొరుకుద్ది. చిన్న అతుకుకు రోట్లో రుబ్బుకున్నా చాలు. బీటను ముందు సన్న ఉలితో కొంచెం వెడల్పు చెయ్యి. లోపల వదులుగా ఉన్నదంతా రాల్చి, చీపురుతో దులుపు. అయ్యాక నీళ్లు కొట్టు, గోడ తాగినంత. పొడి గోడ మీద పెట్టిన సున్నంలోని తడిని గోడే లాగేసుకుంటది, అది పట్టుకోక ఊడిపోద్ది. ఒక్కసారే నింపకూడదు. వేలి మందాన ఒక పొర, అది బిగుసుకున్నాక ఇంకొకటి. వారం రోజులు పొద్దునా సాయంత్రం తడుపుతా ఉండాలి, ఎండ తగలకుండా గోనె పట్టా కట్టాలి. రాతి సున్నాన్ని చల్లార్చేటప్పుడు మాత్రం పిల్లల్ని దూరంగా పొమ్మను. కుతకుతా ఉడికి పైకి ఎగజిమ్ముద్ది. నువ్వూ కళ్లకు అద్దాలు పెట్టుకో. కంట్లో పడితే నులమకుండా, ఆపకుండా నీళ్లతో కడుగుతా ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఉత్త మట్టి గోడలకైతే ఎర్రమట్టీ పుట్టమన్నూ కలిపి, వరిగడ్డి సన్నగా తరిగి వేసి, రెండు మూడు రోజులు నానబెట్టి కాళ్లతో తొక్కేవాళ్లం. నల్లమట్టి పొరపాటున కూడా కలిపేవాళ్లం కాదు, ఆరిన తెల్లారే అది నెర్రె విచ్చుద్ది. పైన పేడతో అలికితే దుమ్ము లేవదు. మా అమ్మ అలికేటప్పుడు చేతివేళ్లు విడదీసి అరవంకలుగా తిప్పేది. ఆరినాక గోడంతా ఆ వంకలు కనపడేవి.

అమ్మాయ్, నువ్వేందో అడగబోయావు. కప్పు కారుతుందనా? ఆ బిళ్ల పెంకు మంగుళూరులో 1860ల్లో బాసెల్ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన ఫ్యాక్టరీలతో మన వైపు దాకా పాకింది. దానికి ముందు మనకు కుమ్మరోళ్లు చేసిన గూన పెంకులే. వాటిని ఏటా వానలకు ముందు దించి, పగిలినవి తీసేసి మళ్లీ పేర్చాలి. బిళ్ల పెంకుకు ఆ బాధ తక్కువ. కానీ కోతులు ఊళ్లోకి వచ్చినాక ఏ పెంకుకూ భరోసా లేదు.

కారే చోటు కనుక్కోవడానికి ఒక కిటుకు. నీళ్లు ఎక్కడ పడుతున్నాయో అక్కడే పెంకు పగిలిందనుకోమాక. పైన ఎక్కడో దూరి, వాసం వెంట జారి, నాలుగడుగుల కిందికొచ్చి బొట్టు రాల్చుద్ది. మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ వేసి ఇల్లు చీకటి చేసి, తలెత్తి చూడు. సూది మొనంత వెలుగు కనపడిన చోటే దొంగ ఉన్నట్టు. లోపల నుంచి ఆ కంతలోకి ఒక ఈనెపుల్ల దూర్చి ఉంచితే పైకెక్కినోడు వెతుక్కోకుండా కనిపెడతాడు. ఎక్కినప్పుడు పెంకు నడుమ అడుగు వెయ్యకూడదు, కింద వాసం ఉన్నచోట వెయ్యాలి. ఒక పలక వేసుకుని దాని మీద కూర్చుంటే ఇంకా మంచిది. పగిలినదాని పై వరస పెంకు కొంచెం ఎత్తి, పాతది కిందికి లాగి, కొత్తది దోపడమే. నిచ్చెన నాలుగు మూరల ఎత్తుకు ఒక మూర దూరంగా ఉండాలి, కింద ఒక మనిషి పట్టుకోవాలి. వాన పడేటప్పుడు ఎక్కొద్దు. అప్పటికి లోపల ఒక తపేలా పెట్టుకుంటే సరిపోద్ది. కోతులకైతే మేము తుమ్మ కంప కప్పు మీద పరిచేవాళ్లం. ఇంకో దారి నాకు ఇప్పటికీ కనపళ్లేదు.

పెంకుకు గాలి భయం కూడా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఆ గాలి మన వైపూ కొట్టింది. ఆ రాత్రి మా వసారా చూరు కాడి పెంకులు ముందు లేచినై. ఒకటి లేస్తే దాని కింద గాలి దూరి వరస వరసా లేపుకుంటా పోయింది. తెల్లారి చూస్తే చూరుకు తీగ కట్టిన ఇళ్లు మాత్రం చాలామటుకు నిలబడ్డాయి. కొన్ని పెంకులకు అడుగు బొడిపె దగ్గర చిన్న కంత ఉంటది, అది తీగ కోసమే. ఇల్లంతా కట్టలేకపోయినా చూరు వరసలు రెండూ, నడినెత్తిన బోర్లించిన వరసా తీగతో రీపరుకు బిగించండి. మన వైపు పెద్ద వానలూ తుపాన్లూ వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. ఆ లోపల అయిపోవాలి ఆ పని.

ఆ చావిడి మీద సిమెంటు రేకులున్నాయే, వాటి మీద మాత్రం కాలు పెట్టొద్దు. పైకి గట్టిగా కనపడతాయి, మనిషి బరువుకు చటుక్కున విరుగుతాయి. వాటిని పొడిగా కొయ్యడం, రాపడం కూడా వద్దు. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టి పని చేసేవాణ్ణి పెట్టుకోండి.

తలుపు సంగతి చాలా తేలిక. వానాకాలం కొయ్య ఉబ్బి పట్టేసుద్ది. అప్పుడే చిత్రిక పట్టావంటే వేసవిలో సందులోంచి పిల్లి దూరుద్ది. పట్టేసే అంచుకు కొవ్వొత్తి రుద్ది, మాఘమాసం దాకా ఓపిక పట్టు. మడతబందు మరలు వదులై తిరిగిపోతుంటే, మర తీసి ఆ కంతలో రెండు వెదురు పుల్లలు బంకలో ముంచి కొట్టి, ఆరినాక అంచు కోసి మళ్లీ మర బిగించు. మేము తుమ్మ బంక వాడేవాళ్లం, మీకు ఫెవికాల్ ఉంది. తాళంలో నూనె పొయ్యొద్దు, దుమ్ము పట్టి బిగుసుకుపోద్ది. పెన్సిలు ముల్లు పొడి చేసి ఊదితే చాలు.

కుళాయి బొట్లు బొట్లుగా కారుతుంటే నూటికి తొంభై పాళ్లు లోపల వాషరు అరిగినట్టే. ముందు పైన వాల్వు కట్టెయ్యి, కుళాయి తిప్పి పైపులో ఉన్న నీళ్లు వదిలెయ్యి, అప్పుడు తల విప్పు. పాత వాషరు జేబులో వేసుకుని కొట్టుకు పోయి అదే కొలతది తెచ్చుకో. మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, లోపలంతా తెల్లగా పెచ్చు కట్టి ఉంటది. చింతపండు పులుసులో ఒక పూట నానేసి రుద్దితే ఊడొచ్చిద్ది. పైపు మరకు మేము జనపనార చుట్టి సఫేదా పూసేవాళ్లం, ఇప్పుడు తెల్ల టేపు వచ్చింది. మర బిగిసే వైపుకే చుట్టాలి, తిరగేసి చుడితే బిగించేటప్పుడు అంతా ఊడి బయటికొస్తది.

బజారులో చేతి పంపు ఉండేది మీ నాయన చిన్నప్పుడు. అది నీళ్లు పట్టకపోతే లోపల తోలు వాషరు ఎండిందని అర్థం. పై నుంచి చెంబుడు నీళ్లు పోసి కొడితే తోలు నాని మళ్లీ పట్టుకునేది. కొత్త తోలు వేసే ముందు మా నాయన దాన్ని రాత్రంతా ఆముదంలో వేసి ఉంచేవాడు. ఇంటింటికీ తిరిగి బిందెలకు మాట్లు వేసేవాళ్లు, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు, ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్లు కూడా వచ్చేవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చుని చూసే మేము పని నేర్చుకున్నాం. అడిగితే వద్దనకుండా చేతికి సుత్తి ఇచ్చేవాళ్లు.

కరెంటు దగ్గర మాత్రం నా మాట గట్టిగా వినండి. ఫ్యూజు పోయిన ప్రతిసారీ లావుపాటి రాగి తీగ చుట్టేసే ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో చూశా. ఫ్యూజు పోయిందంటే ఇల్లు కాలకుండా అది కాలిందన్నమాట. సన్న తీగ ఉన్నదే కరిగిపోవడానికి. దాన్ని కరగనివ్వకపోతే గోడలో వైరు కరుగుద్ది. మెయిను కట్టేసి, పొడి చెప్పులు వేసుకుని, ఏ కొలత తీగ ఉండాలో అదే వెయ్యి. మళ్లీ పోతే ఇంట్లో ఎక్కడో తప్పుంది, పనివాణ్ణి పిలువు. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ అని దొరుకుద్ది, ఎక్కడన్నా కరెంటు లీకైతే రెప్పపాటులో లైను తెంచేసుద్ది. వాటర్ హీటర్లు, మోటార్లు ఉన్న ఇంట్లో అది లేకుండా ఉండకూడదు. ఎర్తు గొయ్యి సంగతి కూడా మన నేలలో చూసుకోవాలి. ఉప్పూ బొగ్గూ పోసి పెట్టిన ఆ కడ్డీ చుట్టూ వేసవిలో రేగడి నెర్రె విచ్చి వదిలేసుద్ది, ఎర్తు ఉండీ లేనట్టే. ఎండాకాలం దాంట్లో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పొయ్యండి. ఆ గొయ్యి గోడకు ఐదడుగుల దూరంలో ఉండాలి, ఇందాక చెప్పిన కారణానికే.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న మాట. చెదలు. మన ఇళ్లకు చెద ఎక్కువ, ఎందుకంటే పత్తి కట్టె, మిరప కట్టె, కంది కట్టె అన్నీ తెచ్చి గోడకే ఆనించి వామి వేస్తాం. చెదకు విందు పెట్టి ఇంట్లోకి నిచ్చెన వేసినట్టే అది. కట్టె గోడకు పది అడుగుల దూరంలో, కింద రాళ్లు పెట్టి పేర్చాలి. గోడ మీద మట్టి దారి కనపడితే పైపైన తుడిచేస్తే సరిపోదు, అది నేలలో ఎక్కడ నుంచి బయలుదేరిందో అక్కడ దాకా తవ్వాలి. దూలాలకూ గుమ్మాల అడుగు కొసలకూ మేము బండి ఇరుసుకు వాడి వదిలేసిన నల్ల ఆయిలు పూసేవాళ్లం.

పత్తి పెరిగాక ఇంకో అలవాటు వచ్చింది. చేలో కొట్టగా మిగిలిన పురుగు మందు తెచ్చి గుమ్మాలకు పుయ్యడం, మంచాల్లో నల్లులకు కొట్టడం, పిల్లల తలలో పేలకు రాయడం కూడా చూశాను నేను. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో డబ్బాలకు డబ్బాలు మందు కొట్టారు. పంట దక్కలేదు, అప్పులు మిగిలాయి, అదే మందు తాగి ఎంతమంది రైతులు పోయారో మీకు తెలియదు. ఖాళీ డబ్బాలు కడిగి నీళ్లు పట్టుకున్న ఇళ్లున్నాయి. ఎండోసల్ఫాన్ అనే పురుగు మందును 2011లో సుప్రీంకోర్టు నిలిపేసింది. నిలిపేసిన దాకా అది మన వసారాల్లో, పిల్లలు అందుకునే గూళ్లలో ఉంది. చేను మందు చేనుకే. నాలుగు గోడల మధ్య ఆ మందు గాలి పోదు, మనం పడుకునే చోటే తిరుగుతా ఉంటది. చెదకు మందు కావాలంటే ఇళ్ల కోసం చేసినది వేరే ఉంది, లైసెన్సు ఉన్నవాణ్ణి పిలిచి వేయించండి. ఖాళీ డబ్బాలు కంత పొడిచి పనికిరాకుండా చెయ్యండి, పాత సామానోడికి అమ్మొద్దు, ఎంత కొత్తగా ఉన్నా పప్పులు పొయ్యడానికి దాచొద్దు.

గ్యాసు వాసనొస్తే అగ్గిపుల్ల గీసి వెతికే మనుషులు ఇంకా ఉన్నారమ్మాయ్. సబ్బు నురుగు పూసి చూడు, బుడగ లేచిన చోట కారుతున్నట్టు. రబ్బరు గొట్టం మీద తారీకు ఉంటది, ఐదేళ్లకు మార్చాలి. గ్యాసు లీకైతే 1906కు ఫోను చెయ్యి, ఆ నంబరు వంటింటి గోడ మీద రాసి పెట్టుకో.

ఇదిగో అబ్బాయ్, రేపు పొద్దున నువ్వు చెయ్యాల్సిన పని ఇది. ఆ సిమెంటు సంచి గట్టిగా మూతి కట్టి, జాలాడి బండకు ఉంచు, అక్కడ పనికొచ్చిద్ది. బీట కొసల దగ్గర రెండు గీతలు గీసి తారీకు వెయ్యి. తర్వాత ఇద్దరూ కలిసి ఇంటి చుట్టూ తిరగండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో, తూము ఎటు పోతుందో, కట్టె ఎక్కడ ఆనించి ఉందో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. పండక్కి మీ పెదనాన్న వాళ్లు కూడా వస్తారు, వాళ్ల ఇల్లూ అట్టాగే చూసి చెప్పండి. వెల్ల వెయ్యడం, ముగ్గులు పెట్టడం ఆ తర్వాత. గోడ మొదట్లో నీళ్లు ఆగకుండా చేసినాకే దాని మీద ఏ పూతైనా నిలిచేది.